పిల్లగాన్ని ఒక్కన్నే తీస్కపోవాల్నా, అందరం పోవాల్నా?

ప్రశ్న: అక్కా, మాది దేవరకద్ర దిక్కు పల్లె. మా ఆయన పదకొండేండ్లు పుణెల సెంట్రింగ్ పని చేసిండు. దసరాకు, ఉగాదికి వచ్చిపోయేటోడు. కోయిల్‌సాగర్ నీళ్లు మా చేన్లకు వచ్చినంక, మూడేండ్ల కింద మొత్తానికే ఇంటికొచ్చిండు. కొత్తల మంచిగనే ఉంటిమి. ఇప్పుడు ఇద్దరికి మాటలు లేవు. ఏదన్న ఉంటే కొడుకుతోని చెప్పి పంపుతం. పైసల కాడ లొల్లి, వరి ఏసుడా పత్తి ఏసుడా అన్నకాడ లొల్లి. పొద్దుగూకితే మందు. కొడుకు పదో తరగతి. మొదలు మంచిగ చదివేటోడు, ఇప్పుడు నోరిప్పడు. అన్నం తట్ట పట్టుకొని అర్రలకు పోయి తలుపేసుకుంటడు. బడికి పొమ్మంటే కడుపునొప్పి అంటడు. పట్నంల చదివే మా అక్క బిడ్డ, వాన్ని కౌన్సెలింగ్‌కు తీస్కపో అంటున్నది. అండ్ల ఏం చేస్తరు? గోలీలు ఇస్తరా? ఎన్నిసార్లు తిరగాలె? అందరు రావాల్నంటే మా ఆయన రాడు, "నేనేమన్న పిచ్చోన్నా" అంటడు. మా అత్తమ్మ గూడ రావాల్నా? ఆమెకు చెవులు సరిగ్గ వినపడవు. తప్పంత నాదే అని తేలుస్తరేమో అని భయం. ఆయన చెడ్డ మనిషి కాదు. తాగినప్పుడు ఒకటి రెండుసార్లు చెయ్యి లేపిండు, అంతే.
ఒక చెల్లె

జవాబు: చెల్లె, నీ ఉత్తరం చదువుకుంట "ఏదన్న ఉంటే కొడుకుతోని చెప్పి పంపుతం" అన్న కాడ ఆగిన. ఆ మాట మీదికి మళ్ల వస్త. చివర్ల రాసి దాటేసిన మాట మీదికి గూడ వస్త. ముందుగాల నీ భయం సంగతి చూద్దాం.

మన పాలమూరు దిక్కు కౌన్సెలింగ్ అంటే తెలిసినవి రెండే. ఒకటి ఎంసెట్ సీట్లది. రెండోది ఠాణాలది: ఎస్సై ముందల మొగుడు పెండ్లాలను నిలబెట్టి, కలిసి ఉంటరా ఉండరా అని అడిగి, కాగితం మీద సంతకం తీసుకునుడు. అంతకన్న పాతది పెద్దమనుషుల పంచాది. రెండు దిక్కులోళ్లు డిపాజిట్ కట్టి, పొద్దుందాక అరుచుకొని, ఆఖరికి ఎవలిదో ఒకలది తప్పని తేలి, దండుగ పడేది. "తప్పంత నాదే అని తేలుస్తరేమో" అని నువ్వు రాసింది ఆ పంచాదిని మనసుల పెట్టుకోనే.

కౌన్సెలర్‌గ నేను చేసే పనిల తేల్చుడు లేదు. ఎవలు గెలిచిన్రు, ఎవలు ఓడిన్రు అని చెప్పే కుర్సీ ఆ అర్రల ఉండదు. తీర్పు కోసం వచ్చినోళ్లకు ఇది మొదటి రోజు మింగుడు పడదు. ఒకాయన నా ముందలనే లేచి, "గంట సేపు వింటిరి, ఏం చెప్పకపోతిరి, మరి ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అన్నడు. ఆయనను తప్పు పట్టలే. పుట్టి బుద్ధెరిగిన కాడికెల్లి పంచాదులు చూసిన మనిషి తీర్పు లేకుండ ఇంటికెట్ల పోతడు?

మొదటి రోజు ఏమైతదో చెప్త. ఒకసారికి ముప్పావు గంట, ఎక్కువలెక్కువ గంట. పేరు, ఊరు, ఇంట్ల ఎవలెవలున్నరు, నిద్ర వస్తున్నదా, ఆకలైతున్నదా, ఏమన్న గోలీలు వాడుతున్నరా అని అడుగుతరు. థైరాయిడ్, రక్తం పరీక్షలు గూడ చేయించుకోమనొచ్చు. ఊకూకె అలిసిపోవుడు, చిరాకు, దిగులు కొన్నిసార్లు ఒంట్ల జబ్బుతోని వస్తయి, అది చూడకుండ మనసు మీద పడేస్తే తప్పు. అటెన్క "మీకు ఏం మారితే మంచిగుంటదనిపిస్తది" అని అడుగుతరు. చాలమంది ఈ ఒక్క ప్రశ్న కాడ గట్టిగ చిక్కుకుంటరు. ఆయన మారాలె, వాడు మారాలె అంటరు. మారితే ఇంట్ల పొద్దున లేస్తనే ఏం కనపడాలె అని మళ్ల అడిగితే కొద్దిసేపు సప్పుడు ఉండదు. నువ్వు పోయే ముందల ఈ ఒక్కదానికి జవాబు ఆలోచించుకొని పో, ఒక సారి కలిసి వస్తది.

ఇంటిల్లిపాదితోని పని చేసేటోళ్లు ఒక తెల్ల కాగితం తీసి మీ ఇంటి బొమ్మ గీస్తరు. మొగోళ్లకు చదరం, ఆడోళ్లకు సున్న. నీ సున్నకు, మీ ఆయన చదరానికి నడుమ ఒక గీత, దాని కింద పిల్లగాని చదరం, పైన అత్తమ్మ సున్న. కాలం చేసినోళ్ల బొమ్మ మీద అడ్డం గీతలు. దగ్గరితనం ఉన్న కాడ జంట గీతలు, లొల్లి ఉన్న కాడ రంపం పండ్ల లెక్క గీత, మాటలు బందయిన కాడ తెగిన గీత. చెప్పుకుంట పోతుంటే గీస్తరు. ఎన్నో ఏండ్లుగ మొగుని మీద మండిపడ్డ ఒకామె, ఆ కాగితం దిక్కు చూసి, "గీయనకు ఒక్క జంట గీత గూడ లేదా మేడం?" అన్నది. గొంతు మారింది ఆమెది. ఆయన అప్పుడు పక్కనే కూసోని చెప్పుల దిక్కు చూస్తున్నడు. ఊరు, వివరాలు మార్చి చెప్తున్న, మనిషిని గుర్తుపట్టలేవు.

మీ ఇంటి బొమ్మ నేను చూడలే, ఉత్తరం మీదికెల్లి జబ్బు పేరు పెట్టుడు నాకు చేతగాదు. బొంబాయి, పుణె పోయొచ్చిన ఇండ్లల్ల నేను మాటిమాటికి చూసిందైతే చెప్త. మనిషి పోయినంక ఇల్లు ఆగదు. విత్తనాల బస్తా, బ్యాంకుల పట్టా పాసుబుక్కు, బడి ఫీజు, అత్తకు చెవి దవాఖాన, అన్ని నువ్వే చూసుకున్నవు. నువ్వు, అత్తమ్మ, కొడుకు ముగ్గురు ఒక్క జట్టయిన్రు. కాకుంటే బతుకు ఎల్లేది కాదు. మొత్తానికే వచ్చిన నాడు కాళ్లకు నీళ్లిచ్చి లోపలికి పిలుస్తం, లోపల ఆయన కూసునే జాగ పదేండ్ల కిందనే నిండిపోయి ఉంటది. మనియార్డర్ పంపినన్ని రోజులు ఆయనకు ఇంట్ల ఒక కొలువుండేది, ఇప్పుడు అది గూడ లేదు. వరా పత్తా అన్న లొల్లి విత్తనం గురించే అయి ఉండొచ్చు. ఈ ఇంట్ల నా మాట చెల్లుతదా అన్న ప్రశ్న గూడ అండ్ల ఉండొచ్చు. ఇది ఆయన్ని వెనకేసుకొచ్చుడు అనుకోకు. నువ్వు మోసిన బరువు ఆయనకు ఎన్నడు ఎవలు లెక్క చెప్పలేదన్నది గూడ అంతే నిజం. ఈ రెండు ఒక్క అర్రల, ఎవలు గొంతు పెంచకుండ, బయటికి రావాలె. కౌన్సెలర్ ఉండేది అందుకు.

ఇగ పిల్లగాడు. ఇండ్లోళ్లు నా కాడికి వచ్చేటప్పుడు ఒకలను ముందలికి తోసి, వీనికే రోగం, బాగు చెయ్యిండ్రి అంటరు. ఎక్కువసార్లు ఆ ఒకరు పిల్లలే. మీ కొడుకు ఇంట్ల తపాలా బంట్రోతు పని చేస్తున్నడు. "మీ నాయనను తినమను" అన్న మాట నీ నోట్ల వట్టి మాటే. వాడు మోసుకపోయి చెప్పేటప్పుడు అండ్ల నీ కోపం ఉంటది, జవాబు తెచ్చేటప్పుడు ఆయన కోపం ఉంటది. రెండు దిక్కుల కోపాలు మోసి మోసి వాడు తట్ట పట్టుకొని తలుపేసుకుంటే నాకు వింత అనిపించలే. అట్లని మొత్తం దీని మీదనే పెట్టలేం. పదో తరగతి భయం ఉండొచ్చు, బడిల ఎవలన్న ఏడిపిస్తుండొచ్చు, ఫోన్‌ల ఏదన్న జరిగి ఉండొచ్చు. కడుపునొప్పిని మొదలు పిల్లల డాక్టర్‌కు చూపించు. అండ్ల ఏం తేలకపోయినా నాటకం అనకు. లోపలి భయం పిల్లలకు కడుపునొప్పిగ వచ్చుడు మామూలే, నొప్పి మటుకు నిజంగనే ఉంటది.

కాబట్టి నీ పెద్ద ప్రశ్నకు నా జవాబు: మొదలు ఎంతమంది కుదిరితే అంతమంది ఒకసారి పోండ్రి. ఆ తర్వాత వానితోని వేరేగ, మీ ఇద్దరితోని వేరేగ కూసుంటరు. ఎవల్ని ఎప్పుడు పిలవాల్నో వాళ్లే చెప్తరు. వాని వంతు వచ్చినప్పుడు నువ్వు బయట బెంచీ మీద ఉండాలె. బయటికి రాంగనే "ఏం చెప్పినవురా" అని అడగొద్దు. ఇది నీకు ఎంత కష్టమో నాకు ఎరికే. దానం ఇచ్చిన చీర మీద గూడ కన్నేసేటోళ్లం మనం, కొడుకు మాట మీద ఎయ్యమా? అయినా అడగొద్దు. వాని ప్రాణానికి అపాయం ఉన్న మాట అయితే కౌన్సెలర్ దాచదు, నీకు తప్పక చెప్తది.

మీ ఇద్దరితోని కూసున్నప్పుడు చేయించే పని ఒకటి చెప్త, చూసేదానికి పిల్లల ఆట లెక్క ఉంటది. ఒకరు రెండు నిమిషాలు చెప్పాలె. రెండో మనిషి జవాబియ్యొద్దు, విన్నది విన్నట్టు మళ్ల చెప్పాలె. అంతే. ఒక జంటల ఆమె అన్నది, "మా అమ్మ పోయిన నాడు నువ్వు పదో దినానికి వచ్చినవు." ఆయన తిరిగి చెప్పింది, "నేను పైసలు పంపలే అంటున్నది." పైసల మాట ఆమె నోట్ల రాలే. మళ్ల చెప్పమంటే, "నేను పని ఇడిసి రావాల్సుండే అంటున్నది" అన్నడు. మూడోసారికి గాని "నేను పదో దినానికి వచ్చిన" అనలేకపోయిండు. ఆ మాట అన్నంక ఇద్దరు ఏం మాట్లాడలే. ఆనాటికి అంతే పని అయింది, ఇంటికి పోయిన్రు. వచ్చే వారం దాంక అది వాళ్ల మధ్యల ఉన్నది. కౌన్సెలింగ్ సాగుడు ఇట్లనే, ఎద్దుబండి లెక్క.

ఎన్నిసార్లు అంటవా? వారానికో, రెండు వారాలకో ఒకసారి. కొందరికి ఆరేడు సార్లకు పని అయితది, కొందరికి పది పదిహేను పడుతయి. రెండోసారి, మూడోసారి పోయొచ్చినంక ఇంట్ల లొల్లి పెరిగినట్టు అనిపించొచ్చు, మూసిపెట్టిన కుండ మూత తీసినట్టు. అప్పుడే మానేసేటోళ్లు ఎక్కువ. నాలుగైదు సార్లు పోయినా ఏం కదిలినట్టు లేకపోతే, "మనం ఎటు పోతున్నం?" అని మొహం మీదనే అడుగు. ఆ మనిషి నచ్చకపోతే ఇంకొకల దగ్గరికి పో. దర్జీని మార్చినప్పుడు సిగ్గు పడతవా?

ఆయన రానే రానంటే నువ్వు ఒక్కదానివే పో. ఒక్కరితోని చేసే కౌన్సెలింగ్‌ల ఆయన లేడు, ఆయన్ని మార్చే పని అక్కడ జరగదు. నీ నిద్ర, నీ భయం, కోపమొచ్చినప్పుడు నీ నోటికి ఏం వస్తున్నది, వద్దు అనాల్సిన కాడ ఎందుకు అనలేకపోతున్నవు, వీటి మీద పని జరుగుతది. ఇంటికి చిన్న పని ఇస్తరు. రాసుకునుడు గానీ, ఒక మాట కొత్తగ అని చూసుడు గానీ. నీకు ఇప్పుడే ఒక పని ఇస్త: వారం దినాలు కొడుకుతోని ఒక్క కబురు గూడ పంపకు. చెప్పాల్సింది ఉంటే నువ్వే పోయి చెప్పు, పొడిగనే అయినా సరే. మళ్ల కౌన్సెలింగ్‌కు పోయినప్పుడు ఆ వారం ఎట్ల నడిచిందో చెప్తే వాళ్లకు మీ ఇల్లు సగం తెలుస్తది.

గోలీల సంగతి. సైకాలజిస్టు, కౌన్సెలర్ మందులు రాయరు. రాసేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ చదువు చదివిన డాక్టర్. అవసరం అయితేనే రాస్తరు. దిగులుకు రాసే గోలీల పని కనపడనీకె రెండు నుంచి నాలుగు వారాలు పడుతది. మంచిగైందని మనకు మనం బంద్ చెయ్యొద్దు. బోర్డు మీద కౌన్సెలర్ అని ఎవలన్న రాసుకోవచ్చు, కాబట్టి ఏం చదివిన్రని అడుగుడు తప్పు కాదు. క్లినికల్ సైకాలజిస్టులకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాల రిజిస్టర్ నంబర్ ఉంటది. మూడు సిట్టింగులల్ల కాపురం చక్కబెడతం అన్న బోర్డు కనపడితే బస్సు దిగకు.

ఇప్పుడు నువ్వు "అంతే" అన్న కాడికి వస్త. తాగినప్పుడు చెయ్యి లేపిండు, అంతే అని రాసినవు. ఆ "అంతే" నాకు నచ్చలే. కొట్టుడు, కొడతడేమో అన్న భయం ఉన్న ఇంట్ల మొగుడు పెండ్లాలను పక్కపక్కన కూసోబెట్టి మనసు విప్పి మాట్లాడమనుడు ప్రమాదం. నువ్వు అర్రల అన్న మాటకు ఇంటికి పోయినంక దెబ్బ పడొచ్చు. అందుకే మొదటి రోజు అందరు కూసునే ముందల, నువ్వు ఒక్కదానివే ఉన్నప్పుడు ఈ మాట చెప్పు, ఎన్నిసార్లు, ఎప్పుడు, కొడుకు చూసిండా అన్నది గూడ. బుద్ధిమంతుడైన కౌన్సెలర్ జంటగ కూసునుడు ఆపి, ముందల నీ భద్రత చూస్తడు. మళ్ల చెయ్యి లేపితే 112కు ఫోన్ చెయ్యి. 181 మహిళల నంబర్, కష్టంల ఉన్న ఆడోళ్లకు సాయం చేసే సఖి కేంద్రం దారి వాళ్లే చెప్తరు. 2005 గృహహింస చట్టం కింద ఇల్లు ఇడిసిపోకుండనే రక్షణ అడగొచ్చు. కేసు పెట్టుడు, పెట్టకపోవుడు నీ ఇష్టం. దారి తెలిసి ఉండుడు మంచిది.

మందు గురించి ఇంకొక్క మాట. ఎన్నో ఏండ్లుగ దినాం గట్టిగ తాగే మనిషిని ఒట్టు పెట్టించి, దేవుని దగ్గర మాల ఏయించి ఒక్కనాడే బంద్ చేపియ్యకు. వణుకు, ఫిట్లు, పొంతన లేని మాటలు వచ్చి ప్రాణం మీదికి రావొచ్చు. మత్తుమందు కలిపిన కల్లు అలవాటైనోళ్లకు గూడ ఇదే తీరు. డాక్టర్ చేతుల మీద, మందులతోని మెల్లగ మాన్పియ్యాలె.

ఎక్కడికి పోవాలె? మీకు దగ్గరిది పాలమూరు సర్కారు జనరల్ దవాఖాన. 2016ల అక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది, మానసిక వైద్యం ఓపీ ఉన్నది. రద్దీ ఉన్న నాడు డాక్టర్ పది నిమిషాలే ఇయ్యగలుగుతడు, మనసు చిన్నబుచ్చుకోకు, మాట్లాడేటందుకు వేరే టైం ఎప్పుడిస్తరని అడుగు. బయటికి ఎల్లనీకె వీలు కాకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీమానస్ అంటరు, 2022 అక్టోబర్‌ల మొదలయింది, పైసలు పడవు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగుల మాట్లాడతరు. ఊరోళ్లకు తెలుస్తదని నీకు ఉంటది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నీ వివరాలు గుట్టుగ ఉంచాలె. ప్రాణాపాయం, పిల్లల మీద లైంగిక దాడి అసొంటివి ఉంటే తప్ప బయట పెట్టరు. జంటగ పోతే మటుకు ముందే ఒకటి అడుగు: నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు చెప్పిన మాట ఆయనతోని అంటరా? ఒక్కొక్కల పద్ధతి ఒక్కొక్క తీరుగ ఉంటది. ఓపీ కాడ మీ ఊరోళ్లు ఎదురైతే తలనొప్పికి వచ్చిన అను. అబద్ధం గూడ కాదు.

"నేనేమన్న పిచ్చోన్నా" అనే మాటకు వెనక ఎర్రగడ్డ పిచ్చి దవాఖాన ఉంటది, మన దిక్కు చిన్నప్పటికెల్లి అది తిట్టే. ఇది పట్నపోళ్ల ముచ్చట అని గూడ ఆయన అనొచ్చు. 1950లల్లనే అమృత్‌సర్ మానసిక దవాఖానల విద్యాసాగర్ అనే డాక్టర్, ఆవరణల గుడారాలు ఏయించి, రోగులతోని పాటు ఇంటోళ్లను ఉంచిండు. ఇంటోళ్లు దగ్గరుంటే మనుషులు తొందరగ బాగై ఇంటికి పోయిన్రు. ఇది ఆయనకు చెప్తే ఇంటడో ఇనడో. నేనైతే ఇట్ల చెప్పమంట: "పిల్లగాడు బడికి పోతలేడు, నాకు ఒక్కదానికి ఒడుస్తలేదు, నువ్వు గూడ రా." అండ్ల అబద్ధం లేదు. షుగర్ పరీక్ష అని చెప్పి మటుకు తీస్కపోకు. అర్రల కూసున్నంక తెలిస్తే లేచిపోతడు, మళ్ల రాడు.

అత్తమ్మను తీస్కపో. ఆయన పుణెల ఉన్నన్ని ఏండ్లు నీ ఇంట్ల ఏం జరిగిందో, ఆయన చిన్నప్పుడు ఎట్లుండేటోడో చూసింది ఆమెనే. వినపడనోళ్ల ముందల అందరు దాచకుండ మాట్లాడతరు, ఆమెకు మనం అనుకునే దానికన్న ఎక్కువ తెలుస్తది. ఆమెకు ఏ దిక్కు చెవి మంచిగ వినపడుతదో లోపలికి పోంగనే చెప్పి, ఆ చెవి కౌన్సెలర్ దిక్కు ఉండేటట్టు కూసోబెట్టు.